మనిషి, రికార్డు, దేవుని స్వరూపం: 'అంతీక్వా ఎత్ నోవా' పత్రంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

2025 జనవరి 28వ తేదీన రోము నుండి 'అంతీక్వా ఎత్ నోవా' అనే పత్రం వెలువడింది. కృత్రిమ మేధస్సుకూ మానవ మేధస్సుకూ గల సంబంధాన్ని గూర్చి వాటికన్‌లోని విశ్వాస సిద్ధాంత విభాగం, సంస్కృతి-విద్యా విభాగం కలిసి తయారుచేసిన పత్రమిది. మొత్తం 117 పేరాలు. 'పాతవీ క్రొత్తవీ' అని ఆ పేరుకు అర్థం. తన ధననిధిలోనుండి క్రొత్త పదార్థములను, పాత పదార్థములను వెలికి తెచ్చే గృహస్థుని గూర్చి మన ప్రభువు చెప్పిన ఉపమానం (మత్తయి 13:52) అందులో ధ్వనిస్తుంది.

ప్రొటెస్టెంట్ సంఘాల కాపరులము ఇటువంటి పత్రాలను సాధారణంగా చదవము. "అది వాళ్ల సంగతి" అని ప్రక్కన పెడతాము. బి.డి. చదివిన రోజులలో మేమూ రెండవ వాటికన్ మహాసభను గూర్చి పరీక్షకు కావలసినంత మేరకే చదివాము. అయితే సెల్‌ఫోను, ఆధార్, వేలిముద్ర యంత్రం ఇవి కథోలికులనీ ప్రొటెస్టెంట్లనీ చూసి రాలేదు. అందుచేత ఈ పత్రాన్ని శ్రద్ధగా చదివి, మా సంఘములో మేము చూస్తున్నదానితో పోల్చి చూడవలసి వచ్చింది.

మా అభిప్రాయం ముందుగానే చెప్పుకోవడం మేలు. మానవ గౌరవానికి ఈ పత్రం వేసిన పునాది గట్టిది, లేఖనానుసారమైనది. కాని దాని మీద లేపిన గోడ, యంత్రం మనిషితో సమానమౌతుందా అనే ప్రశ్న వైపుకే ఎక్కువగా ఒరిగి ఉన్నది. మన సంఘాలలో క్రింద చాపల మీద కూర్చునేవారికి ఎదురౌతున్న ప్రశ్న వేరు. మనిషి తన రికార్డు కంటె తక్కువవాడైపోతున్నాడా అన్నది వారి ప్రశ్న. దీనికి జవాబు చెప్పగల పనిముట్లు కథోలిక సామాజిక బోధనలోనే, పాత పెట్టెలో ఉన్నాయి. పత్రం వాటి పేరు చెప్పింది గాని వాటితో పని చేయలేదు. వాటిని మన నేల మీద వాడబోతే కొంత సానబట్టవలసి కూడా ఉంటుంది.

ఆ బోధన చరిత్ర క్లుప్తంగా చెబుతాము. 1891 మే 15న 13వ లియో పోపుగారు 'రేరుమ్ నోవారుమ్' అనే విశ్వలేఖను వెలువరించారు. ఫ్యాక్టరీ కార్మికునికి న్యాయమైన కూలి, విశ్రాంతి, సంఘం పెట్టుకునే హక్కు ఉండాలని ఒక పోపుగారు విశ్వలేఖ ద్వారా చెప్పడంతో ఆధునిక సామాజిక బోధన మొదలైంది. 2025 మే 8న ఎన్నికైన పోపుగారు 14వ లియో అనే పేరు పెట్టుకుని, మే 10న కార్డినళ్లతో మాట్లాడుతూ దానికి కారణం చెప్పారు. ఆ లియోగారు తొలి పారిశ్రామిక విప్లవాన్ని ఎదుర్కొన్నట్టే, నేడు కృత్రిమ మేధస్సు కాలంలో మానవ గౌరవాన్ని, న్యాయాన్ని, శ్రమను కాపాడవలసి ఉన్నదన్నది ఆయన భావం. మధ్యలో 2002లోనే ఇంటర్నెట్‌ను గూర్చి రెండు పత్రాలు వచ్చాయి. 2020 ఫిబ్రవరి 28న మైక్రోసాఫ్ట్, ఐబీఎం వంటి సంస్థలతో కలిసి నైతిక సూత్రాలపై రోములో సంతకాలు చేశారు. సరుకు అమ్మేవానితోనే తూకం సరిగా వేస్తానని కాగితం వ్రాయించుకోవడం ఎంతవరకు ఉపయోగమో మాకు అనుమానమే. అయినా మాట్లాడకుండా ఉండటం కంటె అది మేలు.

ఇక పత్రంలోని బలమైన భాగానికి వద్దాము. యంత్రం లెక్క కట్టగలదు, వాక్యాలు కూర్చగలదు, చదరంగం ఆడగలదు. మేధస్సు అంటే ఇలా పనులు చేయగల సామర్థ్యమే అని ఒప్పుకుంటే, ఆ పని బాగా చేసేదే గొప్పది అని కూడా ఒప్పుకోవలసి వస్తుంది. పత్రం ఈ మెట్టు దగ్గరే ఆగి, కాదంటుంది. మనిషి విలువ అతని నైపుణ్యాలలో గాని, విజయాలలో గాని, తెలివిలో గాని లేదు. దేవుని స్వరూపమందు సృజింపబడటంలో ఉన్నది (ఆదికాండము 1:27). శరీరంతో జీవించడం, పొరుగువానితో సంబంధం, సత్యం కొరకు వెదకడం, ఇవన్నీ కలిసినదే మానవ మేధస్సు. మనిషిని బుద్ధిగల జీవి అని నిర్వచించిన పాత సంప్రదాయాన్ని పత్రం విడిచిపెట్టదు గాని, బుద్ధి అనే మాటలో మనిషి శక్తులన్నిటినీ చేర్చి దాన్ని విశాలం చేసింది. దేవుని స్వరూపాన్ని సామర్థ్యంలో కాక సంబంధంలో చూసిన బార్త్‌ను చదువుకున్న మనకు ఇది కొత్త కాదు. రెండు దారులు ఇక్కడ దగ్గరకు రావడం సంతోషకరం.

ఇది తరగతి గది వాదం మాత్రమే కాదు. మా సంఘములో ఇరవై దాటిన ఒక యువకుడున్నాడు. మాట రాదు, లెక్క రాదు. ఆరాధనలో తల్లి ప్రక్కన కూర్చుని, పాట మొదలుకాగానే చప్పట్లు కొడతాడు, పాట అయిపోయాక కూడా కొడుతూనే ఉంటాడు. వాని తల్లి ఒకసారి, "అయ్యగారూ, ఫోనులో మిషను ఇంత బాగా మాట్లాడుతుంటే నా బిడ్డకు దేవుడు ఒక్క మాట ఇవ్వలేకపోయాడా" అని అడిగింది. ఆమెకు చెప్పవలసిన జవాబు ఈ పత్రంలో ఉన్నది. మాట వచ్చిన యంత్రం కంటె మాట రాని ఆ బిడ్డ గొప్పవాడు అని చెబితే కూడా తప్పే. ఆ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టరాదు.

కీర్తన 115 మీద పత్రం చేసిన వ్యాఖ్య ప్రసంగికులకు ఉపయోగపడుతుంది. ఆ కీర్తనలోని విగ్రహాలకు నోరున్నా మాటలేదు. ఈ యంత్రం మాట్లాడుతున్నట్టే ఉంటుంది, కనుక పాత విగ్రహాల కంటె ఎక్కువ మోసపుచ్చగలదు. చివరకు అక్కడ పూజ అందుకునేది కూడా యంత్రం కాదు, తన చేతిపని ముందు వంగిన మనిషే.

ఇంతవరకు మాకు అభ్యంతరం లేదు. మా ఇబ్బంది ఎక్కడ మొదలైందో చెప్పడానికి రేషను షాపుకు వెళ్లాలి.

కొన్నేళ్ల క్రితం మాట. మా సంఘస్థురాలు ఒకామె, అరవై దాటిన విధవరాలు, ఏటా మిరపకోతలకు, పత్తితీతలకు వెళ్తుంది. ఆ చేతులకు గీతలు మిగలలేదు. వేలు పెడితే యంత్రంలో ముద్ర పడదు. మొదటి నెల పడలేదు, రెండవ నెల పడలేదు. మూడవ నెల మమ్మల్ని వెంట తీసుకుని వెళ్లింది. డీలరు చెడ్డవాడేమీ కాదు. ఆమెను చిన్నప్పటినుండి ఎరిగినవాడే. కొబ్బరినూనె రాయించాడు, తడిగుడ్డతో తుడిపించాడు, పది వేళ్లూ పెట్టించాడు. ఆఖరుకు, "నువ్వు నువ్వేనని నాకు తెలుసమ్మా, మిషనుకు తెలియాలి గదా" అన్నాడు. సాక్ష్యం మేము చెబుతామన్నాము. "మీరు చెప్తే ఎక్కించుకునే చోటు ఇందులో లేదండీ అయ్యగారూ" అని తెర మా వైపు తిప్పి చూపించాడు. నిజంగానే లేదు.

ఆ మాటను మేము మరచిపోలేకపోయాము. ఆ షాపులో యంత్రం తెలివిగలదా అని ఎవరూ అడగలేదు. అది మనిషితో సమానమని ఎవరూ అనుకోలేదు. అయినా ఎరిగిన మనిషి మాట ఓడిపోయి, ఎరుగని యంత్రం మాట గెలిచింది.

ఇది ఒక ముసలామె కథే అయితే ఇంత వ్రాయనక్కరలేదు. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ ఉన్నది. అనేక ప్రభుత్వ శాఖల రికార్డులను పేరు, చిరునామా పోల్చి కలిపి, ఒక కుటుంబానికి ఏమేమి ఉన్నదో అది చెబుతుంది. రేషను కార్డుల ఏరివేతలో దాన్ని వాడారు. 2016 నుండి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులపై క్షేత్రస్థాయిలో తనిఖీ చేయాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ జూలై నాటికి తనిఖీ పూర్తయిన సుమారు 2 లక్షల దరఖాస్తులలో 15 వేలకు పైగా అర్హమైనవేనని తేలింది. 2024 జనవరిలో ఒక పరిశోధనాత్మక పత్రికా కథనం, రిక్షా తొక్కిన మనిషి కుటుంబం కారు యజమాని కుటుంబంగా ఎలా నమోదైందో వివరించింది. పేర్లు దగ్గరగా ఉన్నాయి, అంతే. దొంగ కార్డులు లేవని మేము అనడం లేదు, ఉండేవి. అయితే దొంగను పట్టే వలలో చిక్కిన నిర్దోషి తానెందుకు చిక్కాడో తెలుసుకోలేకపోవడం, ముందుగా ఒక్క నోటీసైనా అందకపోవడం ఇక్కడ ప్రశ్న.

'అంతీక్వా ఎత్ నోవా' దీన్ని అసలు ఎరుగదని చెబితే అన్యాయం. లెక్కల సూత్రాలు మనిషి గౌరవానికి హద్దులు గీయరాదనీ, కనికరానికీ క్షమాపణకూ మనిషి మారగలడనే నిరీక్షణకూ చోటు లేకుండా చేయరాదనీ ఫ్రాన్సిస్ పోపుగారు 2023లో చెప్పిన మాటను అది ఎత్తి చూపుతుంది. 2024 జనవరి 1 శాంతి దినోత్సవ సందేశంలో ఆయనే, ప్రభుత్వ సహాయం పొందే హక్కును యంత్రాలు నిర్ణయించే ప్రమాదాన్ని పేరుపెట్టి చెప్పారు. కాని పత్రంలో ఈ ఆలోచన నిఘాను గూర్చిన విభాగంలో ఒక మూలన ఉండిపోయింది. పనిని గూర్చిన విభాగం ఉద్యోగం మారిపోయేవానిని, నైపుణ్యం కోల్పోయేవానిని గూర్చి బాగా చెబుతుంది. సాంఘిక సహాయం మీద బ్రతికేవానికి, అంటే ప్రభుత్వం ముందు అర్హుడుగా నిరూపించుకుంటేనే అన్నం తినగలవానికి, ప్రత్యేకంగా ఒక విభాగం లేదు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 'దిగ్నితాస్ ఇన్ఫినీతా' పత్రం మానవ గౌరవాన్ని నాలుగు అర్థాలలో విడదీసింది. మనిషై పుట్టినందున ఎన్నటికీ పోని గౌరవం ఒకటి, బ్రతుకు పరిస్థితుల వలన దెబ్బతినే సాంఘిక గౌరవం మరొకటి. మొదటిదాన్ని మన ముసలామె రేషను షాపులో పోగొట్టుకోలేదు. రెండవదాన్ని పోగొట్టుకుంది. కొత్త పత్రం మొదటిదాని మీద ఎంతో శ్రమించి, రెండవదాని దగ్గరకు వచ్చేసరికి అలసిపోయినట్టు కనిపిస్తుంది.

లేఖనాలలో జనసంఖ్యను గూర్చిన రెండు భాగాలను ఇక్కడ ప్రక్కప్రక్కన పెట్టి చూడమని విద్యార్థులను కోరుతున్నాము. నిర్గమకాండము 30:11-16లో ఇశ్రాయేలీయులను లెక్కించినప్పుడు ప్రతివాడు అర తులము ఇవ్వాలి. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. లెక్కలో చేరడమంటే దేవుని ఎదుట సమానుడుగా నిలబడటం. 2 సమూయేలు 24లో దావీదు చేయించిన లెక్క వేరు. యోవాబు తెచ్చి ఒప్పజెప్పినది కత్తి దూయగలవారి సంఖ్య (24:9). ముసలివారు, స్త్రీలు, కుంటివారు అందులో లేరు. మనిషిని పనికి వచ్చే మేరకే చూడటాన్ని పత్రం ఖండిస్తుంది గదా, ఆ దోషానికి పాత నిబంధనలో ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ మాకు కనబడలేదు. లెక్కించడం పాపం కాదు. ఎవరి ఎదుట, దేనికొరకు లెక్కిస్తున్నామన్నదే ప్రశ్న.

పాత పెట్టెలోని పనిముట్ల సంగతికి వద్దాము. మొదటిది 1931లో 11వ పయస్ పోపుగారు 'క్వాద్రజేసిమో ఆన్నో' విశ్వలేఖలో స్పష్టం చేసిన సబ్సిడియారిటీ సూత్రం. దగ్గరివారు చేయగల పనిని పైవారు లాక్కోకూడదు, దగ్గరివారికి చేతకానప్పుడే పైవారు సాయపడాలి అని దాని సారం. తెలుగులో 'దగ్గరివారి బాధ్యత' అని చెప్పుకుందాము. ఈ సూత్రంతో చూస్తే రేషను షాపులో జరిగిన తప్పు వెంటనే తెలుస్తుంది. ఆమెను ఎరిగిన డీలరు, వార్డు మెంబరు, కాపరి, వీరెవరికీ ఆమెను ఆమె అని చెప్పే అధికారం లేదు. ఆ అధికారమంతా ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరుకు వెళ్లిపోయింది. 'అంతీక్వా ఎత్ నోవా' ఈ సూత్రాన్ని పేర్కొన్నది, విప్పి చెప్పలేదు. విప్పి ఉంటే పత్రం నడక మారేది.

అయితే దీన్ని మనం యథాతథంగా తీసుకోగలమా? ఇక్కడ మేము చాలాకాలం తడబడ్డాము. ఐరోపాలో దగ్గరివాడంటే కుటుంబం, పారిష్, కార్మిక సంఘం. మన గ్రామంలో దగ్గరివాడు ఎవడు? 1984లో ఆంధ్రప్రదేశ్‌లో రద్దయ్యేవరకు కరణం, మునసబు. పొలం ఎవరిదో, ఎవరు ఎవరో కరణం పుస్తకమే చెప్పేది. ఆ పుస్తకం మాలమాదిగల పట్ల ఎంత దయగా ఉండేదో మా తండ్రుల తరంవారిని అడిగితే చెబుతారు. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో అంబేద్కర్ గారు గ్రామాన్ని పొగిడేవారిని అంత కటువుగా విమర్శించడం ఊరకనే కాదు. దగ్గరితనంలో కనికరం ఉండవచ్చు, కులమూ ఉండవచ్చు. యంత్రానికి ముఖం తెలియదు, వాడ తెలియదు. మనవారిలో చాలామంది మొదట దాన్ని సంతోషంగా అంగీకరించడానికి కారణం ఇదే. డీలరు దయ లేకుండానే బియ్యం వస్తాయనుకున్నారు, కొందరికి వచ్చాయి కూడా. ఈ మేలును రోము పత్రమూ తూచలేదు, దాన్ని విమర్శించే మనమూ తరచుగా మరచిపోతాము.

కనుక దగ్గరితనం ఒక్కటే చాలదు. జవాబుదారీ కావాలి. దీనికి రెండవ పనిముట్టు 1981లో 2వ జాన్ పాల్ పోపుగారు వ్రాసిన 'లబోరెమ్ ఎక్సెర్చెన్స్'లో దొరుకుతుంది. కూలి ఇచ్చేవాడు మాత్రమే యజమాని కాదు. ఆ కూలి ఎంత ఉండాలో, పని ఎలా ఉండాలో వెనుకనుండి తీర్మానించే చట్టాలు, సంస్థలు, రాజ్యం అన్నీ కలిసి 'పరోక్ష యజమాని' అని ఆయన అన్నారు. మన విషయానికి ఇది సరిగ్గా అతుకుతుంది. కార్డు ఎవరు తీసేశారని అడిగితే డీలరు మిషను అంటాడు, మండల కార్యాలయం సిస్టం అంటుంది, సిస్టం చేసినవారు శాఖలు ఇచ్చిన సమాచారం అంటారు. యంత్రం సాయంతో చేసిన నిర్ణయానికి మనిషే బాధ్యుడు కావాలని 'అంతీక్వా ఎత్ నోవా' సరిగానే పట్టుపడుతుంది. ఆ మనిషి ఒక్కడు కానప్పుడు, పది కుర్చీలలో పంచబడి ఉన్నప్పుడు ఏమి చేయాలో చెప్పడానికి 1981 నాటి ఈ మాట వాడుకోవచ్చు. పరోక్ష యజమాని ఉన్నట్టే పరోక్ష న్యాయాధిపతీ ఉన్నాడు. అన్యాయపు న్యాయాధిపతిని విసిగించిన విధవరాలికి (లూకా 18:1-8) కనీసం వెళ్లడానికి ఒక గడప ఉండేది.

ఇంతవరకు ఇతరులను విమర్శించాము. మన ఇల్లు కూడా చూసుకోవాలి. కృత్రిమ మేధస్సుతో ప్రసంగాలు వ్రాయించుకోవచ్చా అని కాపరుల కూటాలలో ఈ మధ్య వాదోపవాదాలు జరుగుతున్నాయి. అది అంత పెద్ద ప్రశ్న అని మేము అనుకోము. అచ్చయిన ప్రసంగాల పుస్తకాలు చూసి చెప్పినవారం మనలో ఎంతమందిమి లేము? మాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉన్నది.

సంఘ సభ్యుల వివరాలన్నీ ఫోనులో పెట్టుకునే యాప్ ఒకటి ఉచితంగా ఇస్తామని కొందరు మా సంఘ కమిటీ వద్దకు వచ్చారు. పుట్టినరోజులకు దానంతట అదే వాక్యం పంపుతుందట, కానుకల లెక్క చూపుతుందట. యువకులందరూ ఒప్పుకున్నారు. మేము రిజిస్టరు తెచ్చి మొదటి పేజీ తెరిచాము. అందులో చాలామందికి రెండేసి పేర్లు. బాప్తిస్మపు పేరు ఒకటి, సర్టిఫికెట్లలో పేరు ఒకటి. ఎందుకో ఈ పత్రిక చదివేవారికి విడమర్చి చెప్పనక్కరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే షెడ్యూల్డ్ కులంలో లెక్కకు రాడు, మన రాష్ట్రంలో అతడు బి.సి.-సి. విశ్వాసం ఒక పేరుతోను, బిడ్డల చదువు ఇంకొక పేరుతోను నడుస్తున్న ఇళ్లవి. ఇది సత్యానికి తగినదేనా అనే ప్రశ్న మాకూ ఉన్నది. ఆ చట్టం న్యాయమైనదేనా అనే ప్రశ్న కూడా దాని ప్రక్కనే ఉన్నది. ఇన్నాళ్లు ఆ రెండు పేర్లు ఒకే గీత మీద ప్రక్కప్రక్కన ఉన్నది మా బీరువాలోని పుస్తకంలో మాత్రమే. పేర్లు పోల్చడమే పనిగా ఉన్న యంత్రాల కాలంలో ఆ గీతను మేమే ఎక్కించి పెడితే, రిక్షావానిని కారు యజమానిగా చేసిన పోలిక మా సంఘము మీదికి ఏ వైపునుండి వస్తుందో తెలియదు.

కాపరి తన గొర్రెలను పేరుపెట్టి పిలుస్తాడని యోహాను 10:3లో ఉన్నది. ఏ పేరుపెట్టి పిలుస్తాడో అక్కడ లేదు.

ఒక పెద్దాయన, "అయ్యగారూ, ప్రభుత్వానికి అన్నీ తెలుసు, మనం దాచేదేముంది" అన్నాడు. కోశాధికారి, బాప్తిస్మపు పేర్లు మాత్రమే ఎక్కిద్దామన్నాడు. వేలిముద్ర పడని ఆ తల్లి కూడా కమిటీ గది గుమ్మం దగ్గర కూర్చుని వింటున్నది. ఆమెకు ఇప్పుడు మనవడి వేలుతో బియ్యం వస్తున్నాయి. "నా పేరు ఏది వ్రాసినా పరవాలేదు గాని, తప్పు పడితే ఎవరిని అడగాలో కూడా ఆ ఫోనులో వ్రాయండి" అన్నది. యాప్ తెచ్చిన కుర్రవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అటువంటి గడి అందులో లేదు. తీర్మానం వచ్చే నెలకు వాయిదా వేశాము. రిజిస్టరు ప్రస్తుతానికి బీరువాలోనే ఉన్నది.